విప్లవ నాయకుడే జాతిని కడతాడా? అతాతుర్క్, సుకర్ణో, న్యెరెరే, ఇంకా కొందరు

పాతపుటలు:
చాలాకాలంగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. ఇక్కడ చరిత్ర చదివేవాళ్ళు ఉన్నారు కాబట్టి పెడుతున్నా.

ఇరవయ్యో శతాబ్దంలో కొత్తగా లేచిన దేశాల కథ ఏది తీసినా మధ్యలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. టర్కీ అంటే అతాతుర్క్, ఇండోనేషియా అంటే సుకర్ణో, ఘానా అంటే ఎన్‌క్రుమా, టాంజానియా అంటే న్యెరెరే. అధికారిక కథ అన్నిచోట్లా దాదాపు ఒకటే. జనం నిద్రలో ఉన్నారు, ఆయన వచ్చి లేపాడు, లేచినవాళ్ళంతా ఒక జాతి అయ్యారు.

నాకిది నమ్మబుద్ధి కావడం లేదు. అలాగని "నాయకులదేముంది, అంతా ఆర్థిక శక్తుల ఆట" అనే వాదనా మింగుడుపడదు. నా లెక్క ఏమిటంటే, ఇలాంటి మనిషి ఒకటి రెండు కీలక ఘడియల్లో నిజంగానే చరిత్రను మలుపు తిప్పుతాడు. కానీ "మేమంతా ఒకటి" అన్న భావన ఆయన ఉపన్యాసాల్లో పుట్టదు. అంతకుముందే ఎక్కడో మొదలై ఉంటుంది. తర్వాత బళ్ళలో, సైన్యంలో, ఆఫీసుల్లో గట్టిపడుతుంది. మనకు గుర్తుండేది మాత్రం ఆయన పేరు.

ఒప్పుకోనివాళ్ళు ఉదాహరణలతో రండి.

గాలివాటం:
నేను ఒప్పుకోను. మీరు చెప్పిన మొదటి పేరే తీసుకుందాం.

1920 ఆగస్టు 10న మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన ఒట్టోమన్ సుల్తాన్ ప్రభుత్వం సెవ్ర్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఇజ్మీర్ పాలన గ్రీకుల చేతికి, తూర్పు భాగం ఆర్మేనియాకి, కుర్దులకు స్వయంపాలన, జలసంధులు అంతర్జాతీయ కమిషన్ కిందికి. రాజధాని ఇస్తాంబుల్‌లో మిత్రరాజ్యాల సైన్యం కూర్చుని ఉంది. ఆ కాగితం అమలై ఉంటే ఇప్పటి టర్కీ పటం ఇలా ఉండేదా? ముస్తఫా కెమాల్ (తర్వాత అతాతుర్క్ అన్నది ఈయన్నే) అనే ఒక్కడు అంకారాలో ఇంకో ప్రభుత్వం నిలబెట్టి, సకార్యా దగ్గర గ్రీకు సైన్యాన్ని ఆపి, 1922 సెప్టెంబర్ 9న ఇజ్మీర్ తిరిగి తీసుకుని, 1923 జూలైలో లౌసాన్‌లో కొత్త ఒప్పందం రాయించాడు. ఇందులో బళ్ళూ ఆఫీసులూ ఎక్కడున్నాయి సార్?

వత్తి ఉంది, నూనె ఉంది, సరే. అగ్గిపుల్ల గీసేవాడు కావాలిగా.

తుమ్మెద:
గాలివాటం గారూ, మీ కథలో కొందరు మనుషులు తప్పిపోయారు. వాళ్ళను వెనక్కి తెస్తాను.

కెమాల్ సాంసున్ రేవులో దిగింది 1919 మే 19న. దానికి నాలుగు రోజుల ముందే, మే 15న, గ్రీకు సైన్యం ఇజ్మీర్‌లో దిగింది. అప్పటికే అనటోలియా (టర్కీ ఆసియా భాగం) ఊళ్ళలో "హక్కుల రక్షణ" పేరుతో సంఘాలు పుట్టుకొచ్చాయి. స్థానిక పెద్దలు, వర్తకులు, ముఫ్తీలు, ఇంటికి చేరిన సైనికాధికారులు కలిసి పెట్టుకున్నవి అవి. ఎర్జురుమ్‌లో జూలైలో జరిగిన మహాసభ కూడా తూర్పు జిల్లాల సంఘాలు పిలిచిందే. కెమాల్ దానికి అధ్యక్షుడయ్యాడు, అంతే.

ఇక అసలు ఘడియ. ఇస్తాంబుల్‌లోని సుల్తాన్ ప్రభుత్వం ఆయన్ని వెనక్కి రమ్మంది. ఆయన జూలైలో సైన్యానికి రాజీనామా ఇచ్చేశాడు. అంటే చేతిలో పదవి లేదు, దళం లేదు, ఒంటి మీద యూనిఫాం కూడా లేదు. అరెస్టు చేయమని వచ్చిన ఆదేశం కాజిమ్ కరాబెకిర్ దగ్గరికి చేరింది. అప్పటికి చెదిరిపోకుండా మిగిలిన బలమైన సైన్యం ఆయనదే. కరాబెకిర్ ఆ ఆదేశాన్ని పక్కన పెట్టి, నా కోర్ (సైనిక విభాగం) మీ వెంట ఉంటుందని కెమాల్‌తో చెప్పాడు. ఆ రోజు ఆయన ఇంకోలా తలచి ఉంటే కెమాల్ పేరు ఇవాళ గల్లిపోలి యుద్ధ చరిత్రలో ఒక ఫుట్‌నోట్.

ఆ కరాబెకిర్ తర్వాత ఏమయ్యాడు? 1924లో ప్రతిపక్ష పార్టీ పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. 1925లో ఆ పార్టీని మూసేశారు. 1926లో ఇజ్మీర్ హత్యాయత్నం కేసులో కోర్టు ముందు నిలబడ్డాడు, నిర్దోషిగా బయటపడ్డాడు. మరుసటి ఏడాది కెమాల్ ఆరు రోజులపాటు, మొత్తం 36 గంటలు, ఉద్యమ చరిత్రంతా తన గొంతుతో చెప్పాడు. అది మొదలయ్యేదే "1919 మే 19న నేను సాంసున్‌లో దిగాను" అని. ఊరి సంఘాల నుంచి మొదలుపెట్టలేదు చూడండి. చరిష్మా ఉన్న నాయకుడు చేసే పనుల్లో ఇదొకటి, కథ ఎక్కడ మొదలవ్వాలో తానే తేలుస్తాడు.

కొత్తచిగురు:
అన్నయ్యలూ, అక్కయ్యలూ, నేను డిగ్రీ చదువుతున్నా, తెలియక అడుగుతున్నా. చరిష్మా అంటే అసలు ఏంటి? బాగా మాట్లాడటమా, ధైర్యమా? పరీక్షలో వెబర్ పేరు రాస్తే మార్కులు వేస్తున్నారు కానీ విషయం అర్థం కాలేదు.

పాతపుటలు:
కొత్తచిగురు, మంచి ప్రశ్న. మాక్స్ వెబర్ అధికారాన్ని మూడు రకాలుగా చూశాడు. తాతముత్తాతల నుంచి వస్తున్నది కాబట్టి వినడం ఒకటి, చట్టం చెప్పింది కాబట్టి వినడం ఇంకొకటి, ఈ మనిషిలో ఏదో అసాధారణమైనది ఉందని నమ్మి వినడం మూడోది. ఈ మూడోదే చరిష్మా.

చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. వెబర్ దృష్టిలో ఆ గుణం నాయకుడి ఒంట్లో నిజంగా ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు. వెంట నడిచేవాళ్ళు ఉందని ఒప్పుకోవడమే దాని ప్రాణం. అందుకే ఎప్పటికప్పుడు రుజువు చూపించాలి. వరసగా ఓటములు వస్తే ఆవిరైపోతుంది. నాయకుడు పోయాక నిలవాలంటే అది మామూలు విషయంగా మారాలి. అంటే పార్టీ, రాజ్యాంగం, జీతం తీసుకునే ఉద్యోగులు. మన చర్చంతా ఈ మారడం గురించే.

పరీక్షలో హైతీ విప్లవ నాయకుడు దెస్సలీన్‌నో న్యెరెరేనో ఉదాహరణగా రాయి. అందరూ రాసే పేర్లు చదివి దిద్దేవాళ్ళకీ విసుగొచ్చి ఉంటుంది.

నిశిరాత్రి:
ఇంతవరకు ఎవరు కట్టారన్నదే నడుస్తోంది. ఎవరిని బయట పెట్టి కట్టారో కూడా చూద్దాం.

1923 జనవరిలో లౌసాన్‌లోనే గ్రీసు, టర్కీ జనాభా మార్పిడి ఒప్పందం చేసుకున్నాయి. సుమారు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసు పాలయ్యారు. వాళ్ళలో ఎక్కువమంది ఒప్పందానికి ముందే యుద్ధంలో పారిపోయినవాళ్ళు. అటునుంచి దాదాపు 4 లక్షల మంది ముస్లింలు టర్కీకి వచ్చారు. కొలబద్ద భాష కాదు, మతం. అనటోలియా లోపల టర్కిష్ తప్ప ఇంకో భాష రాని క్రైస్తవులున్నారు, వాళ్ళను గ్రీసుకు పంపారు. క్రీట్‌లో గ్రీకే మాట్లాడే ముస్లింలను టర్కీకి పంపారు. మతాన్ని రాజ్యం నుంచి వేరుచేస్తానన్న ఉద్యమం మొదట తన ప్రజలెవరో మతాన్ని బట్టే తేల్చింది.

కుర్దుల సంగతి ఇంకా సూటిగా కనిపిస్తుంది. 1919లో ఎర్జురుమ్, సివాస్ పిలుపుల్లో టర్కులూ కుర్దులూ విడదీయరాని ముస్లిం సోదరులు. 1920 ఏప్రిల్ 23న అంకారా సభ మొదలైంది శుక్రవారం నమాజు తర్వాత. యుద్ధం గెలిచాక 1924 మార్చి 3న ఖిలాఫత్ రద్దయింది. వాళ్ళను కలిపి ఉంచిన తాడు అదే. 1925లో కుర్దు నాయకుడు షేక్ సయీద్ తిరుగుబాటు, దియార్‌బకిర్‌లో ఆయనకు ఉరి. తర్వాత దశాబ్దాలపాటు కుర్దు భాషకు బళ్ళో చోటు లేదు.

జాతిని కట్టడం అంటే లోపలివాళ్ళను కలపడమే కాదు, గీత ఎక్కడ గీయాలో నిర్ణయించడం కూడా. ఆ గీత గీసేటప్పుడు చరిష్మా ఉన్న మనిషిని అడ్డుకునేవాడు ఉండడు.

గాలివాటం:
ఈ జనాభా మార్పిడి ఒక్క కెమాల్ కోరుకున్నదా? గ్రీసు ఒప్పుకుంది, పెద్ద దేశాలన్నీ తలూపాయి. ఆ కాలంలో అందరూ చేసినదాన్ని ఒక్కడి ఖాతాలో రాయడం న్యాయమా? మహిళలకు 1934లో పార్లమెంటు ఓటు ఇచ్చాడు, ఫ్రాన్సులో అది 1944 దాకా లేదు. 1928 నవంబర్‌లో అరబిక్ లిపి తీసేసి లాటిన్ లిపి తెచ్చాడు. 1927లో పదిమందిలో ఒకరికి చదువొస్తే 1935కి ఇద్దరికి వచ్చింది. ఇవేవీ లెక్కలోకి రావా? సోఫాలో కూర్చుని విప్లవాలకు మార్కులేసే

[మిగతా వాక్యం తొలగించబడింది]

నిర్వాహకుడు:
వ్యక్తుల మీద వ్యాఖ్యలు వద్దు. ఒక వాక్యం తీసేశాను. చర్చ బాగుంది, పాడుచేయకండి.

తుమ్మెద:
లిపి, ఓటు లెక్కలోకి రావాల్సిందే. నేనూ వాటిని కాదనను. కానీ 1930 సంగతి కూడా లెక్కేయండి. అతాతుర్క్ తానే స్నేహితుడు ఫెతీ ఒక్యార్ చేత ప్రతిపక్ష పార్టీ పెట్టించాడు. ఇజ్మీర్‌లో ఒక్యార్‌ని చూడటానికి జనం విరగబడ్డారు. అధికార పార్టీ బెదిరింది. మూణ్ణెల్లకే ఆ పార్టీ మూతపడింది. అధికారం ఎన్నికల్లో చేతులు మారింది 1950లో. ఓడి దిగిపోయింది అతాతుర్క్ తర్వాత అధ్యక్షుడైన ఇస్మెత్ ఇనోను, ఎవరూ చరిష్మా ఉన్నవాడని అనని మనిషి. టర్కీ రాజకీయ చరిత్రలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచే రోజు అదే, సాంసున్ కాదు.

అటకమీదిపుస్తకం:
ఆలస్యంగా వచ్చా, క్షమించాలి. టర్కీ వదిలి ఇండోనేషియాకి వెళ్దాం, పాతపుటలు గారి వాదనకు అక్కడ ఎక్కువ బలం దొరుకుతుంది.

వేల దీవులు, వందల భాషలు. వాటిని కలిపిన గీత డచ్చివాళ్ళు గీసిన వలస సరిహద్దు. జావానీస్ మాట్లాడేవాళ్ళు జనాభాలో సగానికి దగ్గర. ఏ నాయకుడైనా జావానీస్‌ని జాతీయ భాష చేద్దామనుకుంటే సంఖ్యాబలం ఉంది, సాహిత్యం ఉంది, రాజదర్బారు గౌరవం ఉంది. చేయలేదు. 1928 అక్టోబర్ 28న బటావియాలో (ఇప్పటి జకార్తా) యువజనులు సమావేశమై ఒకే నేల, ఒకే జాతి, ఒకే భాష అని ప్రతిజ్ఞ తీసుకున్నారు. ఆ భాష మలయ్ నుంచి వచ్చినది. మలయ్ చాలా కొద్దిమందికే తల్లిభాష, కానీ రేవుల్లో బజార్లలో అందరికీ ఎంతో కొంత వచ్చు. ఎవరి సొంతమూ కాదు కాబట్టి ఎవరూ ఓడిపోయామనుకోలేదు. పైగా జావానీస్‌లో ఎదుటివాడి హోదాను బట్టి మాటలే మారిపోతాయి. మలయ్‌లో ఆ తంటా తక్కువ. సమానులమని చెప్పుకోవాలనుకునే కుర్రాళ్ళకి అది నచ్చి ఉండాలి.

ఆ ప్రతిజ్ఞ ముసాయిదా మహమ్మద్ యామిన్‌ది, సుకర్ణోది కాదు. సుకర్ణోకి అప్పటికి 27 ఏళ్ళు.

తర్వాత 1942లో జపాన్ వచ్చి డచ్చి భాషను నిషేధించింది. ఆఫీసులూ బళ్ళూ ఒక్కసారిగా ఇండోనేషియన్‌లోకి మారాల్సి వచ్చింది. బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టించిందీ జపానే. వాటిలోంచే సుకర్ణో గొంతు ఊరూరా వినపడింది. అంటే ఆయన చరిష్మాకు తీగలు లాగింది ఆక్రమించుకున్న సైన్యం.

1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. సుకర్ణో, ఆయన సహనాయకుడు హత్తా తొందరపడలేదు. రక్తపాతం అవుతుందని భయం. 16 తెల్లవారుజామున యువకులు వాళ్ళిద్దరినీ రెంగాస్‌దెంగ్‌క్లోక్‌కి ఎత్తుకుపోయారు, ఇప్పుడే ప్రకటించండి అని ఒత్తిడి చేశారు. 17 ఉదయం సుకర్ణో ఇంటి ముందు, పెద్దగా జనం లేకుండానే, రెండు వాక్యాల ప్రకటన చదివారు. వెంట నడవాల్సినవాళ్ళే ముందు నడిచి నాయకుణ్ణి లాక్కొచ్చిన విప్లవం ఇది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ కుర్రాళ్ళు తామే చదివేయొచ్చు కదా? చదవలేదు. సుకర్ణో గొంతులోంచి వస్తేనే జనం నమ్ముతారని వాళ్ళకు తెలుసు. గాలివాటం గారు చెప్పిన అగ్గిపుల్ల అక్కడే ఉంది.

మరునాడు, ఆగస్టు 18న, ఇంకో సంగతి జరిగింది. నా లెక్కలో 17 కన్నా అదే ముఖ్యం. రాజ్యాంగ పీఠిక ముసాయిదాలో ముస్లింలు షరియా పాటించాలనే అర్థం వచ్చే ఏడు మాటలున్నాయి. అవి ఉంటే తూర్పు దీవుల క్రైస్తవులు కొత్త రిపబ్లిక్‌లో ఉండకపోవచ్చని హత్తాకు కబురొచ్చింది. పొద్దున్నే ముస్లిం నాయకులతో కూర్చుని ఆ ఏడు మాటలు తీసేయించాడు. ఉపన్యాసం లేదు, చప్పట్లు లేవు. హత్తా కళ్ళద్దాల ఆర్థికవేత్త, మైకు ముందు ఎవరినీ ఊపేసే మనిషి కాదు.

1956లో హత్తా ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. తర్వాత సుకర్ణోకి బ్రేకులు లేవు. 1959లో "మార్గనిర్దేశిత ప్రజాస్వామ్యం", 1963లో జీవితకాల అధ్యక్షుడు, ధరలు ఆకాశంలో, 1965లో సైన్యం రంగంలోకి దిగింది. ఆ తర్వాత కమ్యూనిస్టులని ముద్రవేసి సాగించిన హత్యాకాండలో కనీసం ఐదు లక్షల మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. సుకర్ణో గృహనిర్బంధంలో 1970లో పోయాడు. ఇండోనేషియన్ భాష, 1928 ప్రతిజ్ఞ మాత్రం ఆయన్ని కూలదోసినవాళ్ళు కూడా కదిలించలేదు.

కొత్తచిగురు:
ఆ ఏడు మాటల సంగతి ఇప్పుడే వింటున్నా. థాంక్స్ అండీ.

చెరువుగట్టు:
ఓడిపోయిన కథలు కూడా చూడాలి, లేకపోతే గెలిచినవాళ్ళను మాత్రమే చూసి సిద్ధాంతం అల్లుతాం.

దక్షిణ అమెరికాలో స్పెయిన్ పాలన మీద పోరాడిన బొలీవర్‌కి చరిష్మా తక్కువా? అయినా ఆయన కలగన్న గ్రాన్ కొలంబియా ఆయన కళ్ళముందే 1830లో విడిపోవడం మొదలైంది. వెనెజువెలా, ఈక్వడార్, కొలంబియా ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. విప్లవానికి సేవ చేసినవాడు సముద్రాన్ని దున్నినట్టే అని చివరి రోజుల్లో ఉత్తరం రాశాడు. స్పెయిన్ కాలం నాటి పరిపాలనా విభాగాలు, వాటి చుట్టూ అల్లుకున్న స్థానిక పెద్దల ప్రయోజనాలు ఆయన కీర్తి కన్నా గట్టివని తేలింది. తమాషా ఏంటంటే వెనెజువెలాను విడదీసుకుపోయిన హోసే ఆంతోనియో పాయెస్ 1842లో అధ్యక్షుడిగా ఉండగానే బొలీవర్ అస్థికలను ఘనంగా కారకాస్‌కి తెప్పించారు. బతికుండగా ఏ ఐక్యత అక్కర్లేదన్నారో, పోయాక ఆ మనిషే తమ జాతిపిత అయ్యాడు.

ఈజిప్టు నాయకుడు నాసర్ కూడా అంతే. 1956లో సూయజ్ కాలువను జాతీయం చేశాక అరబ్బు లోకమంతా ఆయన రేడియో కోసం చెవులు రిక్కించేది. 1958 ఫిబ్రవరిలో ఈజిప్టు, సిరియా ఒకే దేశమయ్యాయి. 1961 సెప్టెంబర్‌లో సిరియా సైనికాధికారులు బయటికొచ్చేశారు. డమాస్కస్‌లో నాసర్ ఫొటో ప్రతి గోడ మీదా ఉండొచ్చు, కానీ కైరో నుంచి వచ్చి పెత్తనం చేసే అధికారిని ఎవరు భరిస్తారు?

వెన్నెలమెట్టు:
ఇన్ని పోస్టులు చదివాను. కెమాల్, సుకర్ణో, హత్తా, నాసర్, పాయెస్. ఆడమనిషి పేరు ఒక్కటీ లేదు. ఓటు "ఇచ్చాడు" అన్నప్పుడు తప్ప ఆడవాళ్ళ ఊసే రాలేదు. ఇది అలంకారం కోసం అనడం లేదు, ఆ పేర్లు వస్తే మీ వాదనే మారుతుంది.

టాంగన్యికా (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం) చూడండి. న్యెరెరే పార్టీ టాను 1954 జూలై 7న పుట్టింది. మొదట్లో చదువుకున్న మగవాళ్ళ గుంపు. మీ పార్టీలో మహిళా విభాగం ఏదని బ్రిటన్ లేబర్ పార్టీ అతిథి ఒకాయన అడిగాక వెతుకులాట మొదలైంది. దొరికిన మనిషి బీబీ తీతీ మహమ్మద్. దారెస్సలాంలో పాటగత్తె, ఆడవాళ్ళ డాన్సు బృందంలో ముందుండే మనిషి, పెద్ద చదువు లేదు. ఆ ఊళ్ళో ఇలాంటి బృందాలు చాలా ఉండేవి. వాటిలో రకరకాల తెగల ఆడవాళ్ళు. పెళ్ళిళ్ళకు, చావులకు ఒకరికొకరు డబ్బు వేసుకునేవారు, అందరూ మాట్లాడేది స్వాహిలీ. ఆమె ఒక్కో బృందం దగ్గరికీ వెళ్ళింది. 1955లో కొన్ని నెలల్లోనే వేలమంది ఆడవాళ్ళు సభ్యత్వ కార్డులు తీసుకున్నారు. మగవాళ్ళలో చాలామందికి ఉద్యోగం పోతుందన్న భయం, ప్రభుత్వ నౌకర్లకు పార్టీ సభ్యత్వం నిషేధం మరి. ఆడవాళ్ళకు ఆ బెడద లేదు.

ఇప్పుడు చెప్పండి. తెగ దాటి "మనం" అని బతకడం వాళ్ళకు న్యెరెరే నేర్పాడా? వాళ్ళు అప్పటికే అలా బతుకుతున్నారు. ఆయన దానికి రాజకీయ పార్టీ ఇచ్చాడు. న్యెరెరే గొప్పతనం తక్కువని కాదు నా ఉద్దేశం. ఎక్కడ ఏముందో కనిపెట్టడం చిన్న పనేం కాదు. జనకి అనే చిన్న తెగ నుంచి రావడం వల్ల ఆయన పెద్ద తెగల పెత్తనానికి గుర్తు కాలేదు, అదీ కలిసొచ్చింది.

తర్వాత కథ మామూలే. 1967లో సోషలిజం బాట పట్టించిన అరూషా ప్రకటనతో నాయకులు ఇళ్ళు అద్దెకివ్వకూడదన్నారు. ఆమెకు అద్దె ఇళ్ళున్నాయి, ఒప్పుకోలేదు. 1969లో దేశద్రోహం కేసులో అరెస్టు, జైలు. చాలా ఏళ్ళ తర్వాతే మళ్ళీ గౌరవం దక్కింది. తుమ్మెద గారి కరాబెకిర్ పక్కన ఈమెను కూడా పెట్టండి.

టర్కీ అంటారా, 1919లో సుల్తానహ్‌మెత్ మైదానంలో ఇజ్మీర్ ఆక్రమణ మీద ఇస్తాంబుల్ జనాన్ని కదిలించిన వక్త, రచయిత్రి హాలిదే ఎదిబ్. 1926 నుంచి 1939 దాకా ఆమె ఉన్నది విదేశాల్లో.

పాతపుటలు:
వెన్నెలమెట్టు గారూ, ఈ థ్రెడ్ మొదలుపెట్టినందుకు నాకు దొరికిన ఫలం మీ పోస్టు. "అంతకుముందే ఎక్కడో మొదలై ఉంటుంది" అని నేను గాలిలో అన్న మాటకు మీరు మనుషుల్ని చూపించారు.

దీనికి న్యెరెరే తర్వాత చేసిన పనులు కలపాలి. 120కి పైగా తెగలున్న దేశం. 1963లో తెగ పెద్దల అధికారాలు రద్దు. ప్రాథమిక బడి అంతా స్వాహిలీలో. సెకండరీ చదువుకి పిల్లల్ని సొంత ప్రాంతానికి దూరంగా పంపడం. ఆయనే షేక్‌స్పియర్ నాటకాలు కూర్చుని స్వాహిలీలోకి మార్చాడు, దేశాధ్యక్షుడికి అంత తీరిక ఎలా దొరికిందో! ఇక 1985లో తానే పదవి దిగిపోయాడు. ఎన్‌క్రుమా అలా దిగలేదు. 1958లోనే విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం, 1964లో ఒకే పార్టీ, 1966 ఫిబ్రవరి 24న ఆయన ఆసియా పర్యటనలో ఉండగా సైనిక తిరుగుబాటు, అక్రాలో విగ్రహం కూల్చివేత. అయినా ఘానా ఘానాగానే ఉంది. కూలిన విగ్రహాన్ని కూడా తర్వాత ఆయన స్మారకంలోనే పెట్టుకున్నారు.

గాలివాటం:
న్యెరెరేని ఆకాశానికెత్తే ముందు ఉజామా పల్లెల (ఉమ్మడి సాగు పల్లెల) సంగతి చెప్పండి. 1973 నుంచి లక్షల మందిని బలవంతంగా కొత్త ఊళ్ళకు తరలించారు, ఇళ్ళు తగలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆయన కూడా విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం 1962లోనే తెచ్చుకున్నాడు. 1965 నుంచి ఒకే పార్టీ. వ్యవసాయం కుదేలైంది. కెమాల్‌కి ఒక కొలత, న్యెరెరేకి ఒక కొలతా? దిగిపోయాడు కాబట్టి అన్నీ మాఫీనా?

తుమ్మెద:
ఈ ఒక్క విషయంలో గాలివాటం గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తా. తేదీ రాసి పెట్టుకోండి.

నిశిరాత్రి:
బడి, భాష, ఆఫీసు కలిస్తే జాతి అవుతుందన్న మాట ఇక్కడ అందరూ తేలిగ్గా ఒప్పుకుంటున్నారు. తూర్పు తిమోర్ ఏమైంది? 1975 డిసెంబర్‌లో ఇండోనేషియా సైన్యం దిగింది. 24 ఏళ్ళపాటు బళ్ళలో ఇండోనేషియన్ భాష నేర్పారు, జెండా వందనం చేయించారు. ఒక తరం మొత్తం ఆ భాషలోనే చదువుకుంది. 1999 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఓటు పెడితే 78.5 శాతం స్వాతంత్ర్యం వైపు. జకార్తాలో చదువుకున్న తిమోర్ విద్యార్థులు అదే భాషలో నిరసన కరపత్రాలు రాశారు.

అటకమీదిపుస్తకం గారు చెప్పిన 1928 కుర్రాళ్ళు ఆ భాషను తామే ఎంచుకున్నారు. తిమోర్ పిల్లల మీద దాన్ని రుద్దారు. భాష ఒకటే, ఫలితం తలకిందులు. పాఠాల కన్నా ముందు సమ్మతి అడిగారా లేదా అన్నది చూడాలి.

చెరువుగట్టు:
సమ్మతి అన్నారు కాబట్టి ఒకప్పటి ఫ్రెంచి వలస హైతీని చూద్దాం. 1791లో బానిసల తిరుగుబాటు, 1804 జనవరి 1న స్వాతంత్ర్యం. మరుసటి ఏడాది దెస్సలీన్ రాజ్యాంగంలో 14వ అధికరణం హైతీయులందరూ ఇకమీదట నల్లవారిగానే పిలవబడతారని చెప్పింది. అందరూ అంటే అందరూ. ఫ్రెంచి సైన్యంతో వచ్చి పక్క మారిన పోలెండ్ సైనికులకు కూడా అక్కడ పౌరసత్వం ఇచ్చారు, వాళ్ళూ ఆ లెక్కలోకే వచ్చారు. చర్మం రంగును పుట్టుక నుంచి తీసి పౌరసత్వం చేశారు. దెస్సలీన్ 1806లో హత్యకు గురయ్యాడు, దేశం ఉత్తరం దక్షిణంగా చీలింది, 1825లో ఫ్రాన్స్ 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం మెడకు చుట్టింది. అయినా బానిసత్వం మళ్ళీ రానివ్వమన్న విషయంలో రెండు ముక్కలకూ తేడా లేదు. అక్కడ జాతిని కట్టింది తోటల్లో అందరూ పడిన హింస, పదమూడేళ్ళ యుద్ధం.

ఇంకోటి, చచ్చాక నాయకుడి మీద హక్కు ఎవరిదన్నది. తనను దహనం చేసి బూడిదను ఉత్తర, మధ్య, దక్షిణ ప్రాంతాల కొండల మీద ఉంచమని హోచిమిన్ కోరాడు. పార్టీ ఆయన్ని హనోయ్‌లో అద్దాల పెట్టెలో పెట్టింది. క్యూబాలో తిరగేసి జరిగింది. 2016 నవంబర్‌లో కాస్ట్రో పోయాక, ఆయన కోరిక ప్రకారం, వీధులకు ఆయన పేరు పెట్టకూడదని, విగ్రహాలు నిలపకూడదని డిసెంబర్‌లోనే చట్టం చేశారు. కాస్ట్రో తెలివైనవాడు లెండి. 1953లో మొంకాదా సైనిక స్థావరం మీద దాడి చేసిన నాటి నుంచీ తన విప్లవాన్ని, స్పెయిన్ మీద పోరాడి 1895లోనే అమరుడైన హోసే మార్తీ ఖాతాలో వేశాడు. ప్రతి బడి ముందూ మార్తీ విగ్రహం ఉండగా తనది అదనంగా దేనికి?

కొత్తచిగురు:
మరి చివరికి టాంజానియా గెలిచినట్టా? తెగల గొడవలు లేని దేశమని చదివాను.

అటకమీదిపుస్తకం:
గెలిచిందనే చాలామంది అంటారు. టాంజానియాలో భాగమైన దీవులు జాంజిబార్‌లో అడిగితే జవాబు అంత నేరుగా రాదు కొత్తచిగురూ.

1964 జనవరి 12న అక్కడ విప్లవం వచ్చి సుల్తాన్ పారిపోయాడు. ముందు రేడియోలో గర్జించింది జాన్ ఒకెల్లో, ఉగాండాలో పుట్టి తనకు తానే ఫీల్డ్ మార్షల్ అని పేరు పెట్టుకున్న మనిషి. అరబ్బులు, దక్షిణాసియా వాళ్ళు వేల సంఖ్యలో చనిపోయారు. కొన్ని వారాలకే ఒకెల్లోను బయటికి పంపేశారు, చరిష్మా పనికొచ్చినంతసేపే. అధ్యక్షుడు కరూమే, న్యెరెరే కలిసి ఏప్రిల్ 22న విలీన పత్రం మీద సంతకం పెట్టారు, 26 నుంచి ఒకే దేశం. ప్రజల ఓటు అడగలేదు. నిశిరాత్రి గారి ప్రశ్న ఇక్కడా నిలబడుతుంది. ఇప్పటికీ జాంజిబార్‌కి సొంత అధ్యక్షుడు, సొంత శాసనసభ ఉన్నాయి. 2005లో సొంత జెండా కూడా తెచ్చుకుంది. విలీనం షరతుల మీద గొడవ ప్రతి ఎన్నికల్లో లేస్తుంది.

దేశం మొత్తాన్ని కలిపిందని మనం ఇంతసేపూ పొగిడిన ప్రామాణిక స్వాహిలీకి ఆధారం జాంజిబార్ పట్టణపు మాండలికమే. ఆ భాష పుట్టింటికే ఈ దేశం మీద ఎక్కువ అనుమానాలు.